రెండో దారి ఉంటే చాలదు: రూటర్ల మధ్య పొరుగు బంధం ఎలా కుదురుతుంది?

రాయ్‌పూర్ నుంచి దక్షిణంగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి ధమ్‌తరి, కాంకేర్, జగదల్‌పూర్, సుక్మా మీదుగా కోంట చేరుతుంది. అక్కడి నుంచి భద్రాచలం, కొత్తగూడెం దాటి విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. ఇలాంటి రహదారుల అంచున మట్టిలో పూడ్చిన ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లకు శత్రువులు ఎక్కువ. రోడ్డు వెడల్పు చేసే పొక్లెయిన్, తాగునీటి పైపు కోసం తవ్వే గుంత, వానాకాలంలో కొట్టుకుపోయే కల్వర్టు... వీటిలో ఏదో ఒకటి కేబుల్‌ను తెంచుతూనే ఉంటుంది.

కేబుల్ తెగితే ఒక్క దారే ఉన్న ఊరు చీకట్లో పడుతుంది. తహసీల్ కార్యాలయంలో కుల ధ్రువీకరణ పత్రం ఆగిపోతుంది. రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రం మొరాయిస్తుంది. అందుకే ఇంజనీర్లు కేబుల్‌ను గీతలా కాకుండా వలయంలా, అంటే రింగ్‌లా వేయాలంటారు. ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి డేటా వెళ్తుంది.

కాగితం మీద ఇది సరైన లెక్కే. అయితే రెండో వైపు కేబుల్ ఉన్నంత మాత్రాన డేటా అటు వెళ్లదు. ఆ కేబుల్ రెండు చివర్లలో ఉన్న రూటర్లు ఒకదాన్నొకటి పొరుగుగా గుర్తించి ఉండాలి. తమకు తెలిసిన దారుల సమాచారాన్ని ముందే పంచుకుని ఉండాలి. ఈ బంధం కుదరకపోతే ఫైబర్‌లో వెలుగు ఉన్నా, నెట్‌వర్క్ లెక్కలో ఆ దారి లేనట్టే.

రాయ్‌పూర్‌కు ఈ విషయం ఎందుకు ముఖ్యం?

2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి రాయ్‌పూర్ దాని రాజధాని. ప్రభుత్వ నెట్‌వర్క్‌లకూ అదే కేంద్రం. కేంద్ర ప్రభుత్వం 2005 మార్చిలో ఆమోదించిన స్టేట్ వైడ్ ఏరియా నెట్‌వర్క్ పథకం ప్రకారం ప్రతి రాష్ట్రంలో రాజధాని నుంచి జిల్లా కేంద్రాలకు, అక్కడి నుంచి బ్లాకులకు కనీసం 2 ఎంబీపీఎస్ సామర్థ్యంతో లింకులు ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో మండలం ఎలాంటిదో, ఛత్తీస్‌గఢ్‌లో బ్లాక్ కొంచెం పెద్ద పరిమాణంలో అలాంటిది. రాష్ట్రంలో ఈ నెట్‌వర్క్ బాధ్యత ఛత్తీస్‌గఢ్ ఇన్ఫోటెక్ ప్రమోషన్ సొసైటీది. అందరూ దాన్ని చిప్స్ అంటారు.

ఆ తర్వాత భారత్‌నెట్ వచ్చింది. 2011లో నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో ఆమోదం పొందిన ఈ పథకం గ్రామ పంచాయతీల వరకు ఫైబర్ తీసుకెళ్లడానికి ఉద్దేశించినది. రెండో దశలో ఎనిమిది రాష్ట్రాలు ఆ పనిని తామే చేపట్టాయి. వాటిలో ఛత్తీస్‌గఢ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

2023 ఆగస్టులో కేంద్రం సవరించిన భారత్‌నెట్ కార్యక్రమానికి 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. అందులోని కీలక మార్పు రింగ్. దాదాపు 2.64 లక్షల గ్రామ పంచాయతీలకు వలయాకారంలో ఫైబర్ అందించాలని, బ్లాకులు, పంచాయతీల్లో ఐపీ ఎంపీఎల్ఎస్ నెట్‌వర్క్ నడపాలని నిర్ణయించారు. అంటే బ్లాక్ కార్యాలయంలో, పంచాయతీ భవనంలో ఉండేది ఇక కేవలం కాంతిని మార్చే పెట్టె కాదు, రూటర్. ప్రతి రూటర్‌కూ కనీసం రెండు వైపులా పొరుగువాళ్లు ఉంటారు. ఆ పొరుగు బంధాలు సరిగ్గా కుదిరినప్పుడే రింగ్ కోసం పెట్టిన ఖర్చుకు ఫలితం దక్కుతుంది.

మనిషి రాసే దారి, రూటర్ కనుక్కునే దారి

రూటర్ పని సూటిగా ఉంటుంది. వచ్చిన ప్రతి ప్యాకెట్ మీద గమ్యం చిరునామా చూస్తుంది. తన దగ్గరున్న పట్టికలో వెతికి, దాన్ని ఏ వైపు పంపాలో నిర్ణయిస్తుంది. ఆ పట్టికే రూటింగ్ టేబుల్.

టేబుల్‌ను మనిషే చేత్తో రాయవచ్చు. దీన్ని స్టాటిక్ రూటింగ్ అంటారు. అయిదారు రూటర్ల ఆఫీసులో ఇది నడుస్తుంది. రాష్ట్రమంతా పరుచుకున్న నెట్‌వర్క్‌లో అర్ధరాత్రి ఎక్కడో ఒక లింకు పడిపోతే ప్రతి రూటర్‌లోకి వెళ్లి దారులు తిరగరాయడం ఎవరి వల్లా కాదు. అందుకే డైనమిక్ రూటింగ్ ప్రోటోకాల్స్ పుట్టాయి. రూటర్లు తమలో తాము మాట్లాడుకుని, దారులు తెలుసుకుని, ఏదైనా మారితే టేబుల్‌ను అవే దిద్దుకుంటాయి.

తొలినాళ్ల ప్రోటోకాల్స్‌లో ఒకటైన రిప్‌కు పొరుగు బంధం అన్న ఆలోచనే లేదు. ప్రతి 30 సెకన్లకు తన టేబుల్ మొత్తాన్ని బయటికి చాటేది. ఎవరు విన్నారో, అసలు విన్నారో లేదో పట్టించుకునేది కాదు. 15 రూటర్లు దాటిన గమ్యాన్ని చేరలేనిదిగా లెక్కగట్టేది.

దీనికి భిన్నమైన పద్ధతి లింక్ స్టేట్. ఇక్కడ ప్రతి రూటర్ తన లింకుల వివరాలను మాత్రమే ప్రకటిస్తుంది. ఆ ప్రకటనలన్నీ అందరికీ చేరతాయి. వాటిని కలిపి ప్రతి రూటర్ మొత్తం నెట్‌వర్క్ మ్యాప్ తయారు చేసుకుంటుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతితో ఆ మ్యాప్ మీద అతి తక్కువ ఖర్చు దారిని లెక్కిస్తుంది. ఈ కుటుంబంలో ఎక్కువ మందికి తెలిసినది ఓపెన్ షార్టెస్ట్ పాత్ ఫస్ట్, అంటే ఓఎస్‌పీఎఫ్. దీని తొలి నిర్దేశం 1989లో వచ్చింది. ఐపీవీ4 నెట్‌వర్క్‌లకు నేటికీ ఆధారంగా ఉన్న రెండో వెర్షన్ పత్రం, 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2328ను జాన్ మోయ్ రాశారు.

అందరి దగ్గరా ఒకే మ్యాప్ ఉన్నప్పుడే ఈ పద్ధతి పనిచేస్తుంది. మ్యాప్ చేతులు మారేది పొరుగువాళ్ల మధ్యే. కాబట్టి లింక్ స్టేట్‌లో అన్నిటికీ పునాది పొరుగు బంధమే.

ఒక ఊహా వలయం

ఏ సంస్థ మ్యాపుతోనూ సంబంధం లేకుండా, అర్థం కావడం కోసం ఒక రింగ్‌ను ఊహించుకుందాం. రాయ్‌పూర్, ధమ్‌తరి, కాంకేర్, బాలోద్, దుర్గ్, మళ్లీ రాయ్‌పూర్. అయిదు ఊళ్లు, అయిదు రూటర్లు, అయిదు లింకులు. అన్ని లింకుల ఖర్చూ సమానం అనుకుందాం.

కాంకేర్ నుంచి రాయ్‌పూర్‌కు ధమ్‌తరి మీదుగా వెళ్తే రెండు లింకులు. బాలోద్, దుర్గ్ మీదుగా తిరిగి వెళ్తే మూడు. కాబట్టి కాంకేర్ డేటా మామూలు రోజుల్లో ధమ్‌తరి వైపే వెళ్తుంది. బాలోద్ డేటా దుర్గ్ వైపు వెళ్తుంది. కాంకేర్, బాలోద్ మధ్య లింకు దాదాపు ఖాళీగా ఉంటుంది. ఈ ఖాళీ లింకు సంగతి గుర్తుంచుకోవాలి. రింగ్ మొత్తాన్ని కాపాడాల్సిందీ అదే, అది చెడిపోయినా ఎవరికీ తెలియనిదీ అదే.

మొదటి పలకరింపు: హలో

ఓఎస్‌పీఎఫ్ ఆన్ చేయగానే రూటర్ ఆ లింకు మీద హలో ప్యాకెట్లు పంపడం మొదలుపెడుతుంది. ఇవి టీసీపీ మీదో యూడీపీ మీదో వెళ్లవు. నేరుగా ఐపీ మీద, 89వ నంబరు ప్రోటోకాల్‌గా వెళ్తాయి. గమ్యం చిరునామా 224.0.0.5. ఇది ఒక్క యంత్రం చిరునామా కాదు, ఆ లింకు మీద ఓఎస్‌పీఎఫ్ మాట్లాడే రూటర్లన్నిటినీ ఉద్దేశించిన మల్టీకాస్ట్ చిరునామా. ప్యాకెట్ ఆయుష్షు ఒక్క అడుగే. అంటే పక్క రూటర్ దగ్గరే ఆగిపోతుంది, దాన్ని దాటి వెళ్లదు.

మామూలు ఈథర్‌నెట్ లింకుల మీద, ఇద్దరి మధ్య సూటి లింకుల మీద సాధారణంగా ప్రతి 10 సెకన్లకు ఒక హలో వెళ్తుంది. దానికి నాలుగు రెట్లు, అంటే 40 సెకన్ల పాటు అవతలి నుంచి హలో రాకపోతే పొరుగు లేనట్టే లెక్క. దీన్ని డెడ్ ఇంటర్వెల్ అంటారు.

హలో చిన్న ప్యాకెట్టే కానీ అందులో చాలా సమాచారం ఉంటుంది. పంపిన రూటర్ గుర్తింపు సంఖ్య, అంటే రూటర్ ఐడీ; అది ఏ ఏరియాకు చెందుతుంది; సబ్‌నెట్ మాస్క్; హలో, డెడ్ గడువులు; ప్రాధాన్య సంఖ్య; అథెంటికేషన్ వివరం ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇప్పటిదాకా తాను ఎవరెవరి హలో విన్నదో ఆ రూటర్ల జాబితా ఉంటుంది. బంధం కుదిరేది ఈ జాబితాతోనే.

డౌన్ నుంచి ఫుల్ దాకా

పొరుగు బంధం ఒక్కసారిగా ఏర్పడదు. మెట్టుమెట్టుగా ఎదుగుతుంది.

డౌన్: అవతలి నుంచి ఇంకా ఏమీ వినలేదు. మల్టీకాస్ట్ సౌకర్యం లేని కొన్ని నెట్‌వర్క్‌లలో, మనిషి చెప్పిన చిరునామాకు హలో పంపుతూ జవాబు కోసం ఎదురుచూసే అటెంప్ట్ అనే దశ కూడా ఉంటుంది.

ఇనిట్: కాంకేర్ రూటర్‌కు బాలోద్ హలో వినిపించింది. కానీ ఆ హలోలోని జాబితాలో కాంకేర్ పేరు లేదు. అంటే బాలోద్ మాట కాంకేర్‌కు చేరింది, కాంకేర్ మాట బాలోద్‌కు చేరిందో లేదో తెలియదు. ఒక చేత్తో చప్పట్లు మోగవు. ఇక్కడే ఆగిపోయిందంటే మాట ఒక వైపే వెళ్తోందని అర్థం. ఫైబర్‌లో సాధారణంగా పంపే పోగు ఒకటి, అందుకునే పోగు ఒకటి ఉంటాయి. వాటిలో ఒకటి చెడినా, ఒక వైపు ఫిల్టర్ మల్టీకాస్ట్‌ను అడ్డుకున్నా ఇదే పరిస్థితి వస్తుంది.

టూ వే: బాలోద్ హలోలో కాంకేర్ రూటర్ ఐడీ కనిపించింది. రెండు వైపులా మాట వినిపిస్తోందని రుజువైంది. ఇప్పుడు ఇద్దరూ పొరుగువాళ్లు.

ఎక్స్‌స్టార్ట్: మ్యాప్ మార్చుకునే ముందు ఎవరు నడిపించాలో తేల్చుకుంటారు. ఎక్కువ రూటర్ ఐడీ ఉన్నది మాస్టర్ అవుతుంది. సంభాషణకు వాడే మొదటి వరుస సంఖ్యను అదే ఇస్తుంది.

ఎక్స్‌చేంజ్: ఇద్దరూ తమ దగ్గరున్న సమాచారం మొత్తాన్ని కాకుండా, దాని విషయసూచికను మాత్రమే మార్చుకుంటారు. ఏ రూటర్ ప్రకటన తమ దగ్గర ఉంది, అది ఎంత కొత్తది అన్న వివరాలు మాత్రం ఉంటాయి. వీటిని డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్లు అంటారు.

లోడింగ్: సూచికను తమ దగ్గరున్న దానితో పోల్చి చూసుకుని, లేనివీ పాతబడినవీ అడిగి తెప్పించుకుంటారు. అడిగే ప్యాకెట్ వేరు, ఇచ్చే ప్యాకెట్ వేరు, అందిందని చెప్పే ప్యాకెట్ వేరు.

ఫుల్: ఇద్దరి మ్యాపులూ ఒక్కటే. ఇప్పుడు బంధం పూర్తయింది. దీన్ని అడ్జసెన్సీ అంటారు. ఈ లింకును ఇద్దరూ తమ ప్రకటనల్లో చేర్చి అందరికీ చెబుతారు. అప్పుడే కాంకేర్, బాలోద్ మధ్య దారి మిగతా రూటర్ల లెక్కలోకి వస్తుంది.

ఏది కొత్తదో, ఏది పాతదో తేల్చడంలో ఇంత జాగ్రత్త ఎందుకంటే దాని వెనుక ఒక అనుభవం ఉంది. ఇంటర్నెట్‌కు మాతృక అయిన అమెరికా ఆర్పానెట్ 1980 అక్టోబర్ 27న గంటల తరబడి స్తంభించింది. ఒక యంత్రంలో బిట్లు తారుమారై, ఒకే రూటర్ పేరుతో వేర్వేరు వరుస సంఖ్యల ప్రకటనలు పుట్టాయి. ఏది కొత్తదో తేల్చుకోలేక యంత్రాలన్నీ వాటినే ఒకదానికొకటి పంపుకుంటూ ఉండిపోయాయి. తర్వాత వచ్చిన ప్రోటోకాల్స్ ఈ పాఠం నేర్చుకున్నాయి. ఓఎస్‌పీఎఫ్‌లో ప్రతి ప్రకటనకూ వరుస సంఖ్య, చెక్‌సమ్, వయసు ఉంటాయి. ప్రతి 30 నిమిషాలకు దాన్ని పుట్టించిన రూటర్ కొత్తగా పంపుతుంది. గంట దాటినా కొత్తది రాకపోతే ఆ ప్రకటన రద్దయిపోతుంది.

అందరూ అందరితో కలవాల్సిన పని లేదు

రాయ్‌పూర్‌లోని ఒక డేటా సెంటర్‌లో ఒకే స్విచ్‌కు పది రూటర్లు కలిపి ఉన్నాయనుకుందాం. ప్రతి రెండూ పూర్తి బంధం కలుపుకుంటే 45 అడ్జసెన్సీలు కావాలి. ఒక చిన్న మార్పు వచ్చినా అందరూ అందరికీ చెబుతూ కూర్చోవాలి.

దీన్ని తగ్గించడానికి ఓఎస్‌పీఎఫ్ ఇద్దరు పెద్దలను ఎన్నుకుంటుంది. ఒకటి డిజిగ్నేటెడ్ రూటర్, అంటే డీఆర్. రెండోది దానికి బదులుగా సిద్ధంగా ఉండే బీడీఆర్. మిగతా ఎనిమిది రూటర్లు ఈ రెండింటితోనే పూర్తి బంధం పెట్టుకుంటాయి. 45 బదులు 17 అడ్జసెన్సీలు సరిపోతాయి. మిగతావి తమలో తాము టూ వే దశలోనే ఉండిపోతాయి. కొత్తగా చేరిన ఇంజనీర్లు దీన్ని చూసి లోపం అనుకుని కంగారు పడుతుంటారు. అది లోపం కాదు, అక్కడ అలాగే ఉండాలి.

ఎన్నికలో ఎక్కువ ప్రాధాన్య సంఖ్య ఉన్న రూటర్ గెలుస్తుంది. ఈ సంఖ్య 0 నుంచి 255 దాకా ఉండవచ్చు. సమానమైతే ఎక్కువ రూటర్ ఐడీ ఉన్నది గెలుస్తుంది. సున్నా పెడితే పోటీలోనే ఉండదు. ఒకసారి పదవిలోకి వచ్చాక, తర్వాత ఇంతకంటే పెద్ద సంఖ్యతో మరో రూటర్ వచ్చినా పాతదాన్ని దించరు. పెద్దలు మారినప్పుడల్లా బంధాలన్నీ కదిలిపోకుండా ఈ నియమం పెట్టారు.

ఇద్దరే ఉన్న ఫైబర్ లింకు మీద ఈ ఎన్నిక అనవసరం. కానీ ఈథర్‌నెట్ పోర్టును చాలా పరికరాలు ముందే బ్రాడ్‌కాస్ట్ రకంగా భావిస్తాయి. లింకు లేచాక ఇంకెవరైనా పెద్ద ఉన్నారేమోనని 40 సెకన్ల దాకా ఆగుతాయి. రెండు వైపులా పాయింట్ టు పాయింట్ అని మారిస్తే ఈ నిరీక్షణ పోతుంది. అయిదు ఊళ్ల రింగ్‌లో ప్రతి లింకూ ఇలాంటిదే.

బంధం ఎక్కడ బెడిసికొడుతుంది?

హలో అందగానే రూటర్ కొన్ని విషయాలు సరిపోల్చుకుంటుంది. హలో గడువు, డెడ్ గడువు, ఏరియా సంఖ్య, ఏరియా రకాన్ని తెలిపే గుర్తు, అథెంటికేషన్ రెండు వైపులా ఒకేలా ఉండాలి. బ్రాడ్‌కాస్ట్ లింకుల మీద సబ్‌నెట్ మాస్క్ కూడా కలవాలి. వీటిలో ఒక్కటి తేడా వచ్చినా ఆ హలోను పక్కన పడేస్తుంది. పొరుగు జాబితాలో అవతలి రూటర్ పేరే కనిపించదు.

రూటర్ ఐడీలు మాత్రం వేరువేరుగా ఉండాలి. ఒక ఊళ్లో పనిచేస్తున్న కాన్ఫిగరేషన్‌ను కాపీ చేసి మరో ఊళ్లోని రూటర్‌లో పెట్టి, ఐడీ మార్చడం మరిచిపోతే రెండు రూటర్లూ ఒకే పేరుతో మాట్లాడతాయి. పక్కపక్కన ఉంటే బంధం కుదరదు. ఒకే ఏరియాలో దూరదూరంగా ఉంటే ఇంకా చిక్కు. ఒకరి ప్రకటనను మరొకరు రద్దు చేస్తూ ఉండటంతో మ్యాప్ నిలకడగా ఉండదు.

కనిపెట్టడానికి కష్టమైన తేడాలు మరో రెండు ఉన్నాయి.

మొదటిది ఎంటీయూ. లింకు మీద ఒకేసారి వెళ్లగల ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం ఇది. కాంకేర్ రూటర్‌లో 1500 బైట్లు, బాలోద్‌లో 9000 బైట్లు అని ఉంటే ఏమవుతుంది? హలో చిన్నది కాబట్టి రెండు వైపులా చేరుతుంది. టూ వే దాకా అంతా సవ్యంగా సాగుతుంది. డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్‌లో మాత్రం పంపినవారి ఎంటీయూ రాసి ఉంటుంది. తాను అందుకోగలిగినదాని కంటే అది ఎక్కువని చూసిన కాంకేర్ ఆ ప్యాకెట్‌ను తిరస్కరిస్తుంది. బంధం ఎక్స్‌స్టార్ట్ లేదా ఎక్స్‌చేంజ్ దగ్గర వేలాడుతుంది. కొంతసేపటికి తెగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ అక్కడే ఆగుతుంది.

రెండోది లింకు రకం. ఒక వైపు బ్రాడ్‌కాస్ట్, మరో వైపు పాయింట్ టు పాయింట్ అని ఉన్నా రెండింటి హలో గడువులూ ఒకటే కాబట్టి బంధం ఫుల్ దాకా వెళ్లగలదు. కానీ ఇద్దరూ ఆ లింకును వేర్వేరు విధాలుగా వర్ణిస్తారు. మ్యాపులో ఆ రెండు వర్ణనలూ అతకవు. ఆ లింకు మీదుగా దారులు టేబుల్‌లోకి రావు. పైకి ఫుల్ అని కనిపిస్తుంది, డేటా మాత్రం కదలదు.

ఇప్పుడు మన ఊహా రింగ్‌కు తిరిగి వద్దాం. బాలోద్‌లో ఒక కార్డు మార్చారు. ఎంటీయూ తేడా వచ్చింది. కాంకేర్ బంధం ఎక్స్‌స్టార్ట్‌లో ఇరుక్కుంది. ఆ లింకు మీద మామూలుగా డేటా వెళ్లదు కాబట్టి ఏ కార్యాలయం నుంచీ ఫిర్యాదు రాలేదు. పోర్టు దీపం పచ్చగానే వెలుగుతోంది. పింగ్ చేస్తే జవాబు వస్తోంది. మూడు నెలలు గడిచాయి. ఆ తర్వాత ధమ్‌తరి, కాంకేర్ మధ్య కేబుల్ తెగింది. రెండో దారిలో ఫైబర్ ఉంది, వెలుగు ఉంది. అయినా కాంకేర్ ఒంటరైపోయింది. తప్పు జరిగింది కేబుల్ తెగిన రోజు కాదు, కార్డు మార్చిన రోజు.

తెగిన సంగతి ఎంత త్వరగా తెలుస్తుంది?

ఫైబర్ నేరుగా రూటర్ పోర్టులో ఉంటే, కేబుల్ తెగగానే వెలుగు ఆగుతుంది. పోర్టు పడిపోతుంది. పొరుగు బంధం అక్కడికక్కడే రద్దవుతుంది. కొత్త ప్రకటన రింగ్ అంతా చేరి, అందరూ మళ్లీ దారులు లెక్కిస్తారు.

మధ్యలో ఒక స్విచ్చో, మరో సంస్థ ట్రాన్స్‌మిషన్ పరికరమో ఉంటే కథ వేరు. అవతల కేబుల్ తెగినా ఇవతలి పోర్టుకు వెలుగు వస్తూనే ఉంటుంది. హలో రావడం లేదని తెలిసేసరికి 40 సెకన్ల దాకా పడుతుంది. అంతసేపూ రూటర్ లేని దారిలోకి డేటా పంపుతూనే ఉంటుంది. వీడియోలో వైద్యుడితో మాట్లాడుతున్న రోగికి 40 సెకన్లంటే కాల్ తెగిపోయినట్టే.

దీనికి విరుగుడు బైడైరెక్షనల్ ఫార్వర్డింగ్ డిటెక్షన్, అంటే బీఎఫ్‌డీ. 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5880గా ప్రామాణికమైంది. దీని పని ఒక్కటే, పొరుగు ఉందా లేదా అని సెకనుకు అనేకసార్లు తట్టి చూడటం. 50 మిల్లీసెకన్ల గడువుతో మూడు వరుస జవాబులు రాకపోతే 150 మిల్లీసెకన్లలో ఓఎస్‌పీఎఫ్‌కు కబురు అందుతుంది. అలాగని ప్రతిచోటా గడువును వీలైనంత తగ్గించడం మంచిది కాదు. తరచూ తడబడే లింకు మీద అతి తక్కువ గడువు పెడితే బంధం పడుతూ లేస్తూ ఉంటుంది. ప్రతిసారీ రూటర్లన్నీ మళ్లీ లెక్కలు వేయాల్సి వస్తుంది.

లింకు స్వభావం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అందులో కేబుల్‌ను ఎక్కువగా కరెంటు స్తంభాల మీద లాగారు. తెలంగాణ టీ ఫైబర్ మిషన్ భగీరథ నీటి పైపుల కందకాలను వాడుకుంది. ఒకచోట గాలివాన భయం, మరోచోట తవ్వకాల భయం. రెండు చోట్లా తెగాక ఆదుకునేది రెండో వైపు పొరుగే.

మిగతా ప్రోటోకాల్స్‌లో ఎలా?

పెద్ద సర్వీస్ ప్రొవైడర్లలో చాలా మంది ఐఎస్ ఐఎస్ వాడతారు. ఇదీ లింక్ స్టేటే. దీని హలో ఐపీ మీద కాకుండా నేరుగా లింకు మీదే వెళ్తుంది. పైగా హలోను ఎంటీయూ అంత పెద్దదిగా నింపి పంపే పద్ధతి దీనిలో ఉంది. పరిమాణం తేడా ఉంటే మొదటి పలకరింపులోనే బయటపడుతుంది. బాలోద్‌లో జరిగినట్టు సగం దారిలో వేలాడే ప్రమాదం తక్కువ. లెవెల్ 1 పొరుగులు ఒకే ఏరియాలో ఉండాలి. లెవెల్ 2 వాటికి ఆ నిబంధన లేదు.

సిస్కో రూపొందించి, 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7868గా వెల్లడించిన ఈఐజీఆర్‌పీలో అటానమస్ సిస్టమ్ సంఖ్య, దారి ఖర్చు లెక్కగట్టే కే విలువలు రెండు వైపులా ఒకటే ఉండాలి. హలో గడువులు మాత్రం కలవకపోయినా ఫర్వాలేదు.

ఒక సంస్థ నెట్‌వర్క్ దాటి మరో సంస్థతో మాట్లాడే బీజీపీ తీరు పూర్తిగా వేరు. ఇది పొరుగును తానుగా వెతుక్కోదు. ఫలానా చిరునామా, ఫలానా అటానమస్ సిస్టమ్ సంఖ్య అని ఇంజనీర్ రెండు వైపులా రాయాలి. అప్పుడు టీసీపీ 179వ పోర్టు మీద సంభాషణ మొదలవుతుంది. అన్నీ కుదిరితే ఎస్టాబ్లిష్డ్ దశ చేరుతుంది. ఒకే యజమాని కింద ఉన్న రూటర్లు హలో అని పిలిచి కలుసుకోవచ్చు. వేర్వేరు యజమానుల మధ్య మాత్రం ఒప్పందం ముందు, పలకరింపు తర్వాత.

ఎవరు పడితే వారు పొరుగు కాకూడదు

హలోకు జవాబిచ్చిన ప్రతి యంత్రాన్నీ నమ్మితే ప్రమాదమే. బ్లాక్ కార్యాలయంలో ఖాళీగా ఉన్న పోర్టుకు ఎవరో ల్యాప్‌టాప్ తగిలించి, రూటర్‌లా హలో పంపి, ఖజానా సర్వర్‌కు తన దగ్గరే దారి ఉందని ప్రకటించగలరు. దీన్ని ఆపడానికి రెండు అలవాట్లు ఉన్నాయి. కంప్యూటర్లు మాత్రమే ఉండే వైపు పోర్టులను పాసివ్‌గా మార్చాలి. అప్పుడు అటు హలో వెళ్లదు, బంధమూ కుదరదు. రూటర్ల మధ్య లింకుల మీద రహస్య తాళంతో అథెంటికేషన్ పెట్టాలి. ఓఎస్‌పీఎఫ్‌లో ఎండీ5 అంతకుముందే ఉన్నా, 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5709 దానికంటే గట్టివైన ఎస్‌హెచ్‌ఏ పద్ధతులను చేర్చింది.

తాళం మార్చేటప్పుడు జాగ్రత్త అవసరం. ఒక వైపే మార్చి వదిలేస్తే డెడ్ గడువు తీరగానే బంధం తెగుతుంది.

చూడాల్సింది దీపం కాదు, పొరుగు జాబితా

రింగ్ ఆరోగ్యం తెలుసుకోవడానికి లింకు వెలుగుతోందా అని చూడటం చాలదు. ప్రతి రూటర్‌లో పొరుగు జాబితా తెరవాలి. చాలా పరికరాల్లో షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్ లాంటి ఒక్క ఆదేశంతో అది కనిపిస్తుంది. ఇనిట్ అని ఉంటే మాట ఒక వైపే వెళ్తోంది. ఎక్స్‌స్టార్ట్ దగ్గర ఆగి ఉంటే ముందు ఎంటీయూ చూడాలి. జాబితాలో పేరే లేకపోతే గడువులు, ఏరియా, మాస్క్, తాళం సరిచూడాలి. ఫుల్ అని ఉన్నా, ఆ లింకు మీదుగా దారులు టేబుల్‌లోకి వస్తున్నాయో లేదో చూడాలి.

అయిదు ఊళ్ల రింగ్‌లో ప్రతి రూటర్‌కూ ఇద్దరు పొరుగువాళ్లు ఉండాలి. ఇద్దరూ ఫుల్‌లో ఉండాలి. ఒక్కరే ఉన్నారంటే ఆ రింగ్ అప్పటికే తెగినట్టు లెక్క, కేబుల్ తెగకపోయినా సరే. ఈ లెక్కను పర్యవేక్షణ తెర మీద పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పనివేళలు ముగిశాక ఒక లింకును కావాలనే ఆపి, డేటా రెండో వైపు మళ్లుతోందో లేదో చూడటం ఇంకా మంచి పరీక్ష.

రాయ్‌పూర్ నుంచి కోంట దాకా, కోంట దాటి భద్రాచలం దాకా కేబుళ్లు తెగుతూనే ఉంటాయి. తవ్వకాలు ఆగవు, వానలు ఆగవు. సుక్మా జిల్లా చివర తెలుగు మాట్లాడే కుటుంబాలున్న కోంటలో ఒక ధ్రువీకరణ పత్రం ఆ రోజే చేతికొస్తుందా, వారం తర్వాత రమ్మంటారా అన్నది, ఎక్కడో ఒక రూటర్ తన పొరుగును మూడు నెలల కిందటే సరిగ్గా పలకరించిందా లేదా అన్న దాని మీద ఆధారపడి ఉండవచ్చు.